పేషెంట్ వాళ్లెవరు?

క్యాన్సర్ వైద్యం ఇంటి దగ్గరకు వస్తోంది, సంతోషం. మరి ఇంట్లో చూసుకునే మనిషి సంగతేమిటి?

2025-26 కేంద్ర బడ్జెట్‌లో క్యాన్సర్ రోగులకు పనికొచ్చే ప్రకటన ఒకటి వచ్చింది. మూడేళ్లలో దేశంలోని అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, ఆ ఒక్క ఏడాదిలోనే 200 ఏర్పాటు చేస్తామని అందులో చెప్పారు. కీమో కోసం ప్రతిసారీ పెద్ద నగరానికి పరుగెత్తాల్సిన అవసరం తగ్గించడమే దీని ఉద్దేశం. మా పటాన్‌చెరు వైపు వాళ్లకు దీని విలువ బాగా తెలుసు. కిష్టారెడ్డిపేట నుంచి హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లిరావాలంటే తెల్లవారుజామున బయల్దేరాలి. ఓపీ చీటీ, రక్తపరీక్ష, డాక్టరు, మందు... మళ్లీ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. రోగికి ఒక రోజు, వెంట వెళ్లినవాళ్లకు ఒక రోజు కూలి పోయినట్టే. అదే పని సంగారెడ్డిలో అయిపోతే చాలా నయం.

అయితే ఈ ఏర్పాటులో పైకి కనిపించని సంగతి ఒకటుంది. డే కేర్ అంటే పొద్దున రావడం, సెలైన్‌లో మందు ఎక్కించుకోవడం, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవడం. వాంతులు ఎక్కువయ్యేది ఆ రాత్రి, మర్నాడు. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయేది చాలా మందుల విషయంలో సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య. అంటే భయపడాల్సిన రోజులన్నీ ఇంట్లోనే గడుస్తాయి. వార్డులో నర్సు చేసే పనిని ఇంట్లో భార్యో, కోడలో, పదో తరగతి చదివే కూతురో చేయాలి. మంచం ఆసుపత్రి నుంచి ఇంటికి మారింది. నర్సుకుండే శిక్షణ, షిఫ్టు, జీతం, వారానికో సెలవు మాత్రం దాంతోపాటు ఇంటికి రాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం లెక్క ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా క్యాన్సర్ బయటపడినవాళ్లు 14 లక్షలకు పైనే. ఒక్కొక్కరి వెనుక కనీసం ఒక మనిషి నిలబడి ఉంటారు కదా. వాళ్లను లెక్కపెట్టే రిజిస్టరు ఏ ఆసుపత్రిలోనూ నేను చూడలేదు.

పేరు లేని పని

వార్డులో మేం కేకేసే మాట ఒకటే: ‘పేషెంట్ వాళ్లెవరు?’ కేసు షీటులో ‘అటెండెంట్’ అని రాస్తాం. పుస్తకాల్లో ‘సంరక్షకులు’ అంటారు గానీ, ఆ మాట పలికిన ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. ‘మీరేం చేస్తుంటారమ్మా?’ అని అడిగితే ‘ఏం లేదు సార్, ఇంట్లోనే ఉంటా, మా అత్తమ్మను చూసుకుంటా’ అంటారు. రాత్రి మూడుసార్లు లేచి అత్తను పక్కకు తిప్పడం, డ్రెస్సింగ్ మార్చడం, మాత్రల వేళలు గుర్తుపెట్టుకోవడం, వచ్చిపోయే చుట్టాలకు టీ పెట్టడం, ఇవన్నీ ఆ ‘ఏం లేదు’లోకే వస్తాయి.

ఇది మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. అమెరికాలో మెక్సికో, మధ్య, దక్షిణ అమెరికా దేశాల నుంచి వెళ్లి స్థిరపడిన లాటినో కుటుంబాలున్నాయి. వాళ్ల ఇళ్లలో క్యాన్సర్ రోగులను చూసుకునేవారి గురించి అక్కడ చాలాకాలంగా అధ్యయనం చేస్తున్నారు. వాళ్ల భాషలో ‘ఫమిలిస్మో’ అనే మాట ఉంది. అన్నిటికంటే ముందు కుటుంబం, ఇంట్లోవాళ్లకు చేసేది సేవ కాదు, ధర్మం అనే భావన అది. అందుకే వాళ్లు సంరక్షకుల కోసం పెట్టిన సాయాన్ని అడగరు. ఆ పేరు తమకు వర్తిస్తుందనే అనుకోరు. పైగా ఇంగ్లిష్ రాదు, కూలి పోతుందన్న భయం, వలస వచ్చినచోట చుట్టం ఉండడు. దీనికి విరుగుడుగా అదే బస్తీకి చెందిన, అదే భాష మాట్లాడే ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. వాళ్లను ‘ప్రొమొతోరా’లు అంటారు, మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్లు. ఊళ్ల పేర్లు, భాష పేర్లు మార్చేస్తే ఆ కథ కిష్టారెడ్డిపేటదే అవుతుంది.

ఒకే వాడ, పది రకాల ఇళ్లు

మా ప్రాంతం గురించి తెలియనివాళ్లకు ఒక మాట. కిష్టారెడ్డిపేట చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. అందులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, గోదావరి జిల్లాల నుంచి కొడుకు దగ్గరకొచ్చిన పెద్దవాళ్లు, అమ్మాయి అమెరికాలో ఉంటే ఇక్కడ ఇద్దరే మిగిలిన దంపతులు. ఆ అపార్ట్‌మెంట్లలో పని చేసేవాళ్లు, వాచ్‌మెన్లు చాలామంది నారాయణఖేడ్, జహీరాబాద్, పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. ఇంకాస్త అవతలికి పోతే పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ కార్మికుల గదులు. ఒక గదిలో ఐదారుగురు, వరసకంతటికీ ఒక బాత్రూమ్.

ఈ అందరికీ క్యాన్సర్ ఒకటే. చూసుకోవడం మాత్రం ఒకటి కాదు. ఆడవాళ్ల వార్డులో రాత్రిపూట మగవాళ్లను ఉండనివ్వం. అది సరైన నిబంధనే. కానీ భార్యాభర్తలిద్దరే గదిలో ఉండే ఒడియా కుటుంబంలో భార్య వార్డులో చేరితే ఏమవుతుంది? భర్త బయట చెట్టు కింద పడుకుంటాడు. లోపల ఆమెను బాత్రూమ్‌కు తీసుకెళ్లేది పక్క మంచం పేషెంటు కూతురు. ఆ అమ్మాయికి ఒడియా రాదు, ఈమెకు తెలుగు రాదు. అయినా పని జరిగిపోతుంది, మన ఆసుపత్రులు ఇలాంటి మనుషుల మంచితనం మీదే నడుస్తున్నాయి. ఆ మంచితనాన్ని ఏర్పాటు అనుకుని మనం ఊరుకోవడమే నాకు నచ్చదు.

ఈ ప్రాంతంలో ఇంకో ప్రశ్న కూడా తప్పదు. ‘ఈ ఫ్యాక్టరీల నీళ్ల వల్లే వచ్చిందా సార్?’ పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాల వ్యవహారం 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. కాబట్టి ఈ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. ఒక మనిషికి వచ్చిన క్యాన్సర్‌కు ఫలానా కాలుష్యమే కారణమని ఓపీలో కూర్చుని ఎవరూ చెప్పలేరు. కానీ ఆ ప్రశ్న వెనుక ‘నేనే ఈ ఊరికి తీసుకొచ్చా, నా వల్లే ఆమెకు వచ్చింది’ అనే భర్త బాధ ఉంటుంది. డాక్టరు దానికి జవాబివ్వగలడు: ‘మీ తప్పు కాదు.’ ఈ మూడు మాటలు చెప్పడానికి ఏ స్కానింగూ అక్కర్లేదు.

‘ఆయనకు మాత్రం చెప్పకండి’

భాష, ప్రాంతం, డబ్బు ఎంత తేడా ఉన్నా అన్ని ఇళ్లనూ కలిపే మాట ఇది. కన్సల్టింగ్ గదిలోకి రోగి కంటే ముందు కొడుకు వస్తాడు. ‘సార్, నాన్నకు పుండు అని చెప్పాం, క్యాన్సర్ అనకండి, తట్టుకోలేడు.’ ఐదు నిమిషాల తర్వాత నాన్నను ఒంటరిగా పరీక్షిస్తుంటే ఆయన మెల్లగా అంటాడు: ‘నాకు తెలుసు డాక్టర్ గారూ, పిల్లలు భయపడతారని తెలియనట్టున్నా.’

విదేశీ పాఠ్యపుస్తకాలు చదువుకున్న మా వృత్తిలో దీన్ని అజ్ఞానంగా చూసే అలవాటుంది. నేను ఒప్పుకోను. అది ప్రేమ. కష్టాన్ని తాను మోసి పెద్దవాళ్లకు తగలకుండా చూడటం మన ఇళ్లలో నేర్పిన మర్యాద. అయితే దాని ఖరీదు చూసుకునేవాళ్ల మీద పడుతుంది. నెలల తరబడి ఇంట్లో నటించాలి. రిపోర్టులు దాచాలి. ఫోనులో గుసగుసగా మాట్లాడాలి. ఎప్పుడూ రోగి దగ్గరే ఉండే కోడలు మిగతావాళ్లందరికంటే ఎక్కువ అబద్ధాలాడాలి.

చట్టం విషయానికొస్తే స్పష్టంగానే ఉంది. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: మత్తులో ఉన్న వయోజన రోగి బదులు తల్లి ఇచ్చిన అంగీకారం, ప్రాణాపాయం లేనప్పుడు చెల్లదు. తెలివిలో ఉన్న మనిషి ఒంటికి సంబంధించిన నిర్ణయం ఆ మనిషిదే. కానీ ‘చట్టం చెప్పింది’ అని కొడుకు ముందే తండ్రికి క్యాన్సర్ అని చెప్పేస్తే ఆ కుటుంబం మళ్లీ మా గడప తొక్కదు.

నేను చేసేది ఇంతే. రోగినే అడుగుతాను: ‘మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది? వివరాలన్నీ మీతో మాట్లాడమంటారా, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడమంటారా?’ కొందరు ‘మా పెద్దబ్బాయికి చెప్పండి, వాడు చూసుకుంటాడు’ అంటారు. అదీ రోగి నిర్ణయమే. దాన్ని గౌరవించవచ్చు. ఇంకొందరు కళ్లల్లోకి చూసి ‘చెప్పండి’ అంటారు. అప్పుడు కొడుకును పక్కనే కూర్చోబెట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ చెబుతాం. చెప్పిన రోజు ఇంట్లో ఏడుపు ఉంటుంది. ఆ తర్వాత చాలా ఇళ్లలో చూసుకునేవాళ్ల ముఖం తేలికపడటం నేను గమనించాను.

పథ్యం దగ్గర పేచీ

ఇక్కడే డాక్టర్లకూ కుటుంబాలకూ ఎక్కువ గొడవ. కీమో మొదలవగానే పెరుగు బంద్, గుడ్డు బంద్, వంకాయ, మాంసం, గోంగూర అన్నీ బంద్. జావ, బ్రెడ్డు, కొబ్బరినీళ్లు. నెల తిరిగేసరికి మనిషి ఐదు కిలోలు తగ్గుతాడు, రక్తం తగ్గుతుంది, తర్వాతి కీమో వాయిదా పడుతుంది. ‘ఏమీ పెట్టకుండా చంపుతారా?’ అని మేం విసుక్కుంటాం. పొద్దుటి నుంచి రాత్రి దాకా వండిపెట్టిన మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో ఆలోచించం. పథ్యం ఒక్కటే ఆమె చేతుల్లో ఉన్న వైద్యం. దాన్ని లాక్కోకూడదు, దిద్దాలి.

గుడ్డు ముట్టని ఇంట్లో పెసరట్టు, గట్టి పప్పు, పాలు, పల్లీలు ఉన్నాయి. జొన్న అంబలి తాగే ఇంట్లో దాన్ని ఆ పూటకు ఆ పూట కాచుకుని, మజ్జిగ కలిపి, పక్కన ఉడికించిన గుడ్డు పెట్టమంటాం. ఒడిశావాళ్లకు రాత్రి నీళ్లు పోసి ఉంచిన చద్దన్నం, వాళ్ల ‘పఖాళ’, అమ్మ లాంటిది. మానేయమంటే మనసు విరిగిపోతుంది. కణాలు పడిపోయే రోజుల్లో నిలవ ఉన్నది ఏదైనా వద్దు, అదే అన్నంలో అప్పుడే తోడిన పెరుగు, కాచి చల్లార్చిన నీళ్లు కలిపి ఇవ్వండి అంటే ఒప్పుకుంటారు. అసలు నియమం ఒకటే: శుభ్రంగా, తాజాగా వండినది, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు, ప్రొటీను తగ్గకుండా. ఆకు పసర్లు, ఎవరో ఇచ్చిన పొడులు మాత్రం కీమోతో కలిపి వాడవద్దు. కొన్ని లివర్ మీద దెబ్బ కొడతాయి, కొన్ని మందుల పనితీరును మారుస్తాయి. వాడుతుంటే దాచకుండా చెప్పండి. తిడతామని భయపడి దాస్తున్నారంటే ఆ తిట్టే అలవాటు మేం మానుకోవాలి.

అమావాస్యనాడు కీమో వద్దంటే నేను వాదించను. ఒకరోజు ముందుకో వెనక్కో జరపడం చాలాసార్లు కుదురుతుంది, క్యాన్సర్ నిపుణులను అడిగితే చెబుతారు. ఆషాఢం అయ్యాక ఆపరేషన్ అంటే మాత్రం ఒప్పుకోను. నెల ఆలస్యం వేరు, ఒక రోజు వేరు.

పిల్లలు దుబాసీలు కాకూడదు

వలస కార్మికుల ఇళ్లలో తెలుగు బాగా వచ్చేది ఇక్కడి బడిలో చదివే పిల్లలకే. అందుకే పన్నెండేళ్ల అమ్మాయి అమ్మ వెంట వస్తుంది, డాక్టరు మాట అమ్మకు, అమ్మ మాట డాక్టరుకు చేరవేస్తుంది. ‘మీ అమ్మ గర్భసంచి ముఖద్వారం దగ్గర...’ అని ఆ పిల్లతో ఎలా అనిపించాలి? రక్తస్రావం గురించి ఆ తల్లి కూతురి నోటితో ఎలా చెప్పాలి? సగం మాటలు మధ్యలోనే రాలిపోతాయి. అమెరికాలో 2016 నాటి నిబంధనల ప్రకారం, అత్యవసరమైతే తప్ప ఆసుపత్రులు చిన్నపిల్లలతో అనువాదం చేయించకూడదు. లాటినో కుటుంబాల అనుభవం చూస్తే ఆ నియమం ఎందుకు అవసరమో తెలుస్తుంది.

మనకు అలాంటి నియమం రావడానికి ఎన్నాళ్లు పడుతుందో గానీ, పటాన్‌చెరులో ఒడియా, హిందీ, బెంగాలీ తెలిసిన పెద్దవాళ్లకు కొదవ లేదు. ప్రతి ఫ్యాక్టరీలో రెండు భాషలూ వచ్చిన సూపర్‌వైజర్లున్నారు. ఫోనులో పది నిమిషాలు మాట్లాడటానికి ఒప్పుకునేవాళ్ల నంబర్లు డిస్పెన్సరీ గోడ మీద ఉంటే చాలు. రోగి పేరు చెప్పకుండానే మాట్లాడించవచ్చు. కీమో తర్వాతి జాగ్రత్తల కాగితం తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియాల్లో అచ్చేయించడం పెద్ద ఖర్చూ కాదు. చదవలేనివాళ్లకు అదే మాట వాట్సాప్ ఆడియోగా పంపవచ్చు.

సెలవు, కార్డు, టికెట్

ఈఎస్‌ఐ గురించి ఈ వాడలో అందరికీ తెలుసు, పూర్తిగా తెలిసినవాళ్లు తక్కువ. నెలకు 21 వేల రూపాయల లోపు జీతమున్న కార్మికుడికి క్యాన్సర్ వస్తే, నిర్ణీత కాలం చందా కట్టి ఉంటే, జీతంలో 80 శాతం దాకా భత్యం రెండేళ్ల వరకు పొందే వీలుంది. దీన్ని పొడిగించిన అనారోగ్య భత్యం అంటారు. భార్యాపిల్లలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు వైద్యమూ ఉంది. కానీ అతని భార్యకు క్యాన్సర్ వచ్చి, అతను పనిమాని ఆమెను చూసుకుంటే ఒక్క రూపాయి భత్యం లేదు. జబ్బుపడితే చట్టం గుర్తిస్తుంది, జబ్బుపడినవాళ్లను చూసుకుంటే గుర్తించదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా చందా తెగిపోయేవాళ్ల సంగతి సరేసరి.

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచింది. అందులో మందు ఖర్చు, పడక ఖర్చు ఉన్నాయి. తోడున్న మనిషి పోగొట్టుకునే కూలి లేదు. వేరే రాష్ట్రంవాళ్లకు సొంత ఊళ్లో ఆయుష్మాన్ కార్డు వచ్చి ఉంటే, ఆ పథకంలో చేరిన ఇక్కడి ఆసుపత్రుల్లోనూ పనికొస్తుంది. ఆ కార్డు ఊళ్లోనే ట్రంకుపెట్టెలో ఉంటుంది, అదీ సమస్య. పనికొచ్చేవాళ్లెవరైనా ఈ వారమే ఫోన్ చేసి ఫొటో తెప్పించుకోండి.

2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం వచ్చాక, తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లే కూతుళ్ల సంఖ్య పెరిగినట్టు నా ఓపీలోనే కనిపిస్తోంది. కానీ తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తేనే జీరో టికెట్. బరంపురం ఆధార్ ఉన్న ఆమె పూర్తి చార్జీ పెట్టాలి. కనీసం క్యాన్సర్ ఆసుపత్రి చీటీ చేతిలో ఉన్న ఆడమనిషికి, ఆమె వెంట ఉన్నవాళ్లకు ఈ షరతు సడలిస్తే ఆర్టీసీకి అయ్యే నష్టం ఎంత?

రైల్వే ఈ విషయంలో ముందుంది. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడుగా వెళ్లే ఒకరికి 75 శాతం. డాక్టరు సంతకంతో నిర్ణీత పత్రం తీసుకెళ్లాలి. అడిగితే ఇస్తాం. హైదరాబాద్‌లోని 18 పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2022 మే నుంచి తోడున్నవాళ్లకు అయిదు రూపాయల భోజనం మొదలైంది. తోడున్న మనిషికీ ఆకలేస్తుందని ప్రభుత్వం ఒప్పుకున్న ఘట్టంగా నాకది గుర్తుంది. జిల్లాల్లో డే కేర్ కేంద్రాలు వస్తున్నప్పుడు ఆ భోజనమూ రావాలి. రోగి పక్కన కూర్చోవడానికో కుర్చీ కూడా.

ఇంటికి పంపేముందు నేర్పాల్సినవి

అమెరికాలో మెడికేర్ 2024 జనవరి నుంచి ఒక కొత్త పద్ధతి పెట్టింది. రోగిని చూసుకునే ఇంటి మనిషికి శిక్షణ ఇచ్చినందుకు డాక్టర్లకు, థెరపిస్టులకు విడిగా ఫీజు ఇస్తుంది. అంటే అది వైద్యంలో భాగమే అని లెక్క. మన దగ్గర డిశ్చార్జి చీటీ చేతిలో పెట్టి ‘జాగ్రత్తగా చూసుకోండి’ అంటాం. ఎలా జాగ్రత్త?

మీ ఇంట్లో కీమో తీసుకుంటున్నవాళ్లుంటే థర్మామీటరు కొనండి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి. కీమో రోగి జ్వరం మామూలు జ్వరం కాదు. మందు ఎక్కించిన తర్వాత సుమారు 48 గంటలు మూత్రం, మలం, వాంతుల్లో మందు ఆనవాళ్లుంటాయి. శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, నీళ్లు రెండుసార్లు పోయండి, గర్భిణులు ఆ పని చేయకూడదు. అంతమాత్రాన రోగికి కంచం, మంచం వేరు చేయక్కర్లేదు. క్యాన్సర్ అంటుకోదు. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. నోరు పూస్తే ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలించాలి.

మార్ఫిన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ‘అది చివరి మందు సార్, అలవాటైపోతుంది’ అని ఇంట్లోవాళ్లు సగం మాత్రే ఇస్తుంటారు. రాత్రంతా రోగి మూలుగుతుంటే పక్కనే కూర్చుని తామూ ఏడుస్తుంటారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు ఇచ్చే మార్ఫిన్ చావును దగ్గర చేయదు, మత్తుబానిసను చేయదు. మలబద్ధకం తప్పకుండా వస్తుంది, దానికి మందు మొదటి రోజు నుంచే వాడాలి. ఒక్కసారిగా ఆపకూడదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది ఇలాంటి నొప్పి మందులు రోగులకు సులువుగా అందాలనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పాలియేటివ్ కేర్‌ను నిర్వచించినప్పుడే రోగితోపాటు కుటుంబాన్నీ అందులో చేర్చింది. తెలంగాణలో జిల్లా స్థాయి పాలియేటివ్ కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే బృందాలు ఉన్నాయి. చివరి వారం దాకా ఆగకుండా నొప్పి మొదలైనప్పుడే వాళ్ల సాయం అడగాలి. కేరళ 2008లోనే దీనికో విధానం తెచ్చింది. అక్కడ పంచాయతీలు నర్సును ఇంటికి పంపుతాయి, చుట్టుపక్కలవాళ్లు వంతులవారీగా రోగి దగ్గర కూర్చుంటారు. మన బస్తీల్లో బోనాలకు, గణేశ్ మండపానికి వంతులు వేసుకునేవాళ్లం, ఇది చేయలేమా?

మీ అపార్ట్‌మెంటులోనే

ఇది చదువుతున్న చాలామంది ఇళ్లకు పనిమనిషి వస్తుంది. ఆమె నెలకు రెండు రోజులు రాకపోతే జీతం కోస్తారు. ఆ రెండు రోజులు ఎక్కడికి వెళ్తోందో ఒకసారి అడగండి. భర్తకో, తల్లికో 21 రోజులకోసారి కీమో ఉందని తెలిస్తే, ఆ తేదీలు క్యాలెండర్‌లో రాసుకుని కోత లేని సెలవివ్వండి. ప్రభుత్వం చేయాల్సిన చట్టం కోసం దీనికి ఎదురుచూడక్కర్లేదు.

మన ఇళ్లలోనూ కథ వేరేగా ఏమీ లేదు. ఊరి నుంచి వైద్యానికి వచ్చిన అత్తగారిని చూసుకోవడానికి ఇంటి నుంచి పనిచేసే కోడలే దొరుకుతుంది. ల్యాప్‌టాప్ ముందు మీటింగు, వెనక గదిలో దగ్గు. డల్లాస్‌లో ఉన్న కొడుకు రోజూ రాత్రి వీడియో కాల్‌లో ‘సెకండ్ ఒపీనియన్ తీసుకున్నారా? ఆ ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వలేదు?’ అని అడుగుతాడు. దూరంగా ఉన్నవాళ్ల అపరాధభావం ప్రశ్నల రూపంలో దగ్గరున్నవాళ్ల మీద పడుతుంది. 1991లో ఒక వైద్య పత్రికలో దీనికి ‘కాలిఫోర్నియా కూతురు’ అని సరదాగా పేరు పెట్టారు. కాలిఫోర్నియా డాక్టర్లు మాత్రం ‘న్యూయార్క్ కూతురు’ అంటారట. దూరాన ఉన్నవాళ్లు నిజంగా సాయపడాలంటే రాత్రి డ్యూటీకి నర్సును పెట్టి ఆ డబ్బు పంపవచ్చు. ఇన్సూరెన్స్ కాగితాల పని తమ మీద వేసుకోవచ్చు. ఫోన్ చేసినప్పుడు అమ్మ ఎలా ఉందని అడిగేముందు ‘వదినా, నువ్వు రాత్రి పడుకున్నావా?’ అని అడగవచ్చు.

చూసుకునేవాళ్ల ఒళ్లు

రోగి బీపీ చూస్తున్నప్పుడు పక్కనున్న మనిషి చేతికీ ఒకసారి పట్టీ చుడుతుంటాను. బీపీ మాత్రలు మానేసినవాళ్లు, షుగరు చూపించుకుని ఏడాది దాటినవాళ్లు, నడుం పట్టేసినవాళ్లు బయటపడతారు. ‘ఆయన సంగతి అయ్యాక నాది చూసుకుంటా సార్’ అనేది అందరి మాట. ఈ మాట విన్నప్పుడు నిద్ర ఎన్ని గంటలో అడుగుతాను. తిండి మీద ఇష్టం పోయిందా, ఏ కారణం లేకుండా ఏడుపొస్తోందా, ‘ఇది త్వరగా అయిపోతే బాగుండు’ అనిపించి, ఆ వెంటనే అలా అనిపించినందుకు తనను తాను తిట్టుకుంటున్నారా? ఈ చివరి ప్రశ్నకు చాలామంది కళ్లు దించుకుంటారు. అలా అనిపించడం పాపం కాదు, అలసట. రెండు వారాలకు మించి ఇలాగే ఉంటే డాక్టరుకు చెప్పుకోవాల్సిన విషయం. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఇతర భారతీయ భాషల్లోనూ మాట్లాడతారు, ఎప్పుడైనా చేయవచ్చు. ‘పిచ్చివాళ్ల నంబరు’ కాదది.

రోగి పోయాక కేసు షీటు మూసేస్తాం. దశదినకర్మ అయ్యాక చుట్టాలు వెళ్లిపోతారు. ఏడాదిగా రాత్రి రెండింటికి లేవడం అలవాటైన మనిషికి ఆ వేళకు మెలకువ వస్తూనే ఉంటుంది, చేయడానికి పని ఉండదు. డే కేర్ కేంద్రాల రిజిస్టరులో రోగి పేరు పక్కన చూసుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు, మాట్లాడే భాష రాసే గడి ఒకటి ఉంటే, నెల తర్వాత ఆశా కార్యకర్త ఆ గుమ్మం దగ్గర ఆగి, ఆ మనిషి బీపీ చూసి రావచ్చు.